రెండో పూత

మా ఊరి మధ్యాహ్నాలన్నీ కాలవగట్టున ఒక తాటాకు పాకలో తయారవుతాయి. ఇంటికొకటి చొప్పున చేసి, పన్నెండు దాటాక పంచిపెడతారు. ఇన్నేళ్ళుగా వాడుకుంటున్నాం కానీ ఎలా చేస్తారో ఎప్పుడూ చూడలేదు. ఈ ఆదివారం అది చూడ్డానికి బయల్దేరాం.

అందరికంటే ముందు మా ఆయన నడుస్తున్నారు, నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని. ఆయన వెనక మా అమ్మాయి నీరజ. దానికి పదిహేనేళ్ళు. నీరజ వెనక నేను. నా వెనక కొత్త ట్రంకు పెట్టె తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ వస్తోంది. కొన్నది నిన్ననే కనుక ఇంకా మా నడక దానికి అలవాటవలేదు. నీడ కనిపించిన చోటల్లా చతికిలపడుతోంది.

పెట్టెలో నీరజ బట్టలు, దుప్పటి, రెండు పచ్చడి సీసాలు, నేను కట్టిన అన్నం క్యారేజీ ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి కాలవ లాకుల దగ్గరికి బస్సు వస్తుంది. అది ఎక్కితే నీరజ హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఇంటరు రెండేళ్ళూ అక్కడే. తిండీ అక్కడే, నిద్రా అక్కడే. నాకు ఇష్టం లేదు. ఆ సంగతి ఇంట్లో గోడలకి కూడా తెలుసు. అందుకే వారం రోజులుగా మా వసారా రోజుకో మూర పొడుగవుతోంది. ఇవాళ పొద్దున్న నీరజ తన గదిలోంచి వీధి గుమ్మం దాకా రావడానికి పావుగంట పట్టింది. మా ఆయన టేపు తెచ్చి కొలిచి, "కొంచెం సాగింది" అన్నారు. ఎందుకు సాగిందని మాత్రం అడగలేదు.

ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఏ వస్తువైనా ఎక్కడ పుట్టిందో తెలుసుకోకపోతే ఆయనకి అన్నం సయించదు. పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం తయారవమంటే, సినిమాకేమో అనుకుని జడ నిండా కనకాంబరాలు పెట్టుకున్నాను. పెంకుల ఫ్యాక్టరీకి తీసుకెళ్ళారు. అక్కడ ఆయన మొహంలో వెలుగు చూశాక ఇంక ఏమీ అనలేకపోయాను. నీరజ పుట్టాక అది కూడా మాతో చేరింది. నడక రానప్పుడు ఆయన భుజం మీద, నడక వచ్చాక మా ఇద్దరి మధ్యన.

ఏటి లంకలో కొబ్బరిపీచుతో రోడ్లు పేనడం చూశాం. కొత్త రోడ్డు తడి ఆరదు, మా చెప్పులకి రెండు మలుపులు అంటుకుని ఇంటిదాకా వచ్చాయి. మిల్లులో నిద్రని దంచి తవుడు వేరుచేయడం చూశాం. ఆ తవుడు గేదెలకి చాలా మంచిదట. వలలు అల్లేచోట ముందుగా కన్నాలు చేసి ఆరబెట్టి, ఆ తర్వాత వాటి చుట్టూ దారం కడతారు. నీరజ అప్పుడు ఏడేళ్ళది. ఒక కన్నాన్ని గౌను జేబులో వేసుకుని తెచ్చేసింది. జేబు చిరిగిందని నేను తిట్టాను.

పాక చేరేసరికి పన్నెండు కావస్తోంది. లోపల ఒక్కటే కుండ, పొయ్యి మీద బోర్లించి ఉంది. దాని ముందు పీట మీద కూర్చుని భవానమ్మ ఎండు కొబ్బరాకులు మంటలోకి ఎగదోస్తోంది. ఊరందరి మధ్యాహ్నాలూ ఈవిడ చేతి మీదుగానే రావాలి. ఇంతా చేసి మనిషి పిడికెడు ఉంది.

"రండమ్మా, కూకోండి. గాలి ఆడకుండా కూకోండి. తుమ్మొత్తే బయటికెళ్ళి తుమ్మండి. పోయిన్నెల్లో ఒకాయన ఇక్కడే తుమ్మేడు. సగం ఊరికి మజ్జానం చిరిగిపోయింది."

"నిజమే," అంటున్నారు మా ఆయన. "ఆ రోజు నేను ఆఫీసులో పన్నెండింటి నించి తిన్నగా నాలుగులో పడ్డాను."

భవానమ్మ పక్కన పళ్ళెంలో పాలలాంటి పిండి ఉంది. బియ్యాన్ని నీళ్ళలో కాకుండా ఎండలో నానబెట్టి రుబ్బుతారట. పల్చటి గుడ్డని అందులో ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తుంది. చుయ్ అంటుంది. గుడ్డ వెళ్ళిపోయిన చోట కుండకి ఒక మధ్యాహ్నం పొరలాగా మిగులుతుంది. దాన్ని అంచు పట్టుకుని ఊడదీసి పక్కన పెడుతుంది. పూతరేకులు చేసినట్టే, అంతకంటే పల్చన.

నేను వంగి చూస్తున్నాను. ఒకదాంట్లో ఎవరో మొహం మీద పేపరు కప్పుకుని గురకపెడుతున్నారు. ఇంకొకదాంట్లో ఒక మూల అప్పడాలు ఎండుతున్నాయి, కాకి కూడా వచ్చేసి ఉంది. మరొకదాంట్లో అష్టాచెమ్మా ఆడుతున్న ఆడవాళ్ళు నన్ను చూసి పైటలు సర్దుకున్నారు. నేను మర్యాదగా పక్కకి తిరిగాను.

"కుండ మీదున్నంతసేపూ అది జరగదండి," అంటోంది భవానమ్మ. "ఊడదీసిన కాణ్ణించీ జరగడం మొదలెడద్ది. ఇంక మనం ఆపలేం."

మా ఆయన గబగబా రాసుకుంటున్నారు. నీరజ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఎక్కడికి వెళ్ళినా అడిగే ప్రశ్న అడుగుతోంది.

"పాడైపోయినవి ఏం చేస్తారండీ?"

"పాడవ్వడవంటూ ఉండదు తల్లీ. ఒక్క పూతే ఎయ్యాలి, అంతే. ఆశకొద్దీ రెండో పూత ఏసేవంటే ఇంక ఊడదు. కుండకే ఉండిపోద్ది. మా అత్తగారు చచ్చేదాకా చెప్పింది ఈ ఒక్క మాటే."

ఆ మాట నా చెవిలో పడి, అక్కడే పీట వేసుకుని కూర్చుంటుంది.

"ఇప్పుడేసేది మీ ఇంటిదేనండి, గుమాస్తా గారూ," అని భవానమ్మ గుడ్డ పరిచి లాగుతుంది. కుండ మీద మా మధ్యాహ్నం వస్తుంది. పల్చగా, బంగారం రంగులో, ఒక పక్కకి కొద్దిగా వంకరగా. అందులో మేం ముగ్గురం ఈ పాక బయటే చాప వేసుకుని కూర్చుని ఉన్నాం. నేను నీరజకి జడ వేస్తున్నాను. అడుగున, అంచు దగ్గర, లాకుల పక్కన చీమంత బస్సు ఆగి ఉంది.

భవానమ్మ కొబ్బరాకుల కోసం వెనక్కి తిరుగుతుంది. నేను గుడ్డ అందుకుని పిండిలో ముంచి, ఆ పొర మీద మళ్ళీ ఒకసారి పరిచి లాగేస్తాను. బస్సు పిండి కింద కప్పబడిపోతుంది.

భవానమ్మ ఇటు తిరిగి కుండ చూస్తుంది, తర్వాత నా తడి చెయ్యి చూస్తుంది. ముక్కు మీద వేలేసుకుంటుంది.

"అమ్మగారూ, ఎంత పని చేసేరండి!"

"చెయ్యి జారింది," అంటాను.

"చెయ్యి జారితే గుడ్డ కింద పడుద్దండి. కుండ మీదికి ఎక్కదు."

మేం బయటికి వస్తాం. బయట అచ్చం కుండ మీద ఉన్నట్టే ఉంది. చాప వేసి ఉంది. ఎండ చెట్ల మీద మందంగా నిలబడింది. కాలవలో ఒక పడవ మధ్యలో ఆగింది, నీళ్ళు దాని పక్కనించి వెళ్ళకుండా దానితోపాటే ఆగి ఉన్నాయి. దూకబోయిన కప్ప గట్టుకీ నీటికీ మధ్యన గాలిలో సర్దుకుని కూర్చుంది. పన్నెండుం పావు అయింది. మళ్ళీ పన్నెండుం పావు అయింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నీరజ నా ముందు కూర్చుంటుంది. నేను జడ పాయలు తీస్తాను. ఒక పాయ మీద ఒక పాయ వేస్తూ పోతున్నాను, జడ చివర రావడం లేదు. చాప దాటింది, గట్టు దిగింది, జామచెట్టు చుట్టూ ఒకసారి తిరిగి మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చింది. నేను అల్లుతూనే ఉన్నాను. పెట్టె నీడలో పడుకుని నిద్రపోతోంది. ఇంకెవరికి ఏం కావాలి?

మా ఆయన నోట్‌బుక్కులో మొదటి వాక్యం రాసి పేజీ తిప్పుతారు. అవతలి పేజీలో కూడా అదే మొదటి వాక్యం ఉంది. చాలాసేపు చూసి పెన్ను మూత పెడతారు.

"సుభద్రా, వసారా ఎందుకు సాగిందో నాకు తెలుసు."

"తెలిసే కొలిచారా?"

"కొలవక ఇంకేం చెయ్యను?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ మాటకి నాకు ఆయన మీద జాలీ, కోపమూ ఒక్కసారే వస్తాయి. పెళ్ళాం వసారా సాగదీస్తుంటే టేపు పట్టుకుని నిలబడ్డ మనిషిని ఏమంటాం.

కాలవ అవతలి గట్టు మీద జనం పోగవుతున్నారు. వాళ్ళకి ఇంకా మధ్యాహ్నం అందలేదు. ఉన్నది ఒక్కటే కుండ, దాన్ని మాది అంటిపెట్టుకుని ఉంది. వాళ్ళంతా పొద్దుటి ఎండలో ఖాళీ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకాయన చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు.

"అమ్మా! మా పిల్లకి మూడింటికి పురుడు రావాలమ్మా! మూడు ఎక్కడుందమ్మా?"

"కొంచెం ఓపిక పట్టండి," అని నేనూ అరుస్తాను. నా గొంతు నాకే గయ్యాళిగా వినిపిస్తుంది. అయినా జడ అల్లడం మానను.

"అమ్మా, ఆకలేస్తోంది," అంటుంది నీరజ.

ఇంతకంటే నాకు కావలసింది లేదు. పెట్టెని లేపి మూత తీయించి, క్యారేజీ బయటికి తీస్తాను. వంకాయ కూర, ముద్దపప్పు, పెరుగన్నం. రాత్రి హాస్టల్లో తినడానికని కట్టింది. ఇప్పుడు ఇక్కడే తింటుంది. ముద్ద కలిపి నోట్లో పెడతాను. నీరజ నములుతుంది. నములుతూనే ఉంటుంది. నా చేతిలో రెండో ముద్ద సిద్ధంగా ఉంది. నీరజ కళ్ళు పెద్దవి చేసి నా వైపు చూస్తోంది.

"ఏమైందే, బాలేదా?"

"బావుంది. కిందికి దిగడం లేదు."

గొంతు మీద చెయ్యి వేసి చూస్తాను. గుటక పడడం లేదు, ముద్ద ఇంకా నోట్లోనే ఉంది. మింగడానికి కొంచెం సమయం కావాలి కదా, ఆ కొంచెమే ఇక్కడ లేదు. ఎదిగే పిల్ల నోట్లో అన్నం పెట్టుకుని, ఆకలితో నా ముందు కూర్చుంది. అన్నం వండిందీ నేనే, దాన్ని మింగనివ్వకుండా పట్టుకున్నదీ నేనే. రెండో ముద్ద మళ్ళీ క్యారేజీలో వేసేస్తాను.

సైకిలు బెల్లు వినిపిస్తుంది. పోస్టుమాన్ గట్టు మీదుగా వచ్చి ఉత్తరాల కట్ట ఒకటి చాప మీద పెడతాడు. అన్నీ నీరజ చేతిరాతే. హాస్టల్ నించి నాకు రాయబోయేవి. మొదటిది విప్పుతాను. పైన "అమ్మా" అని ఉంది, కింద అంతా తెల్లగా ఉంది. రెండోది విప్పుతాను. "అమ్మా." మూడోది కూడా అంతే. మొత్తం డెబ్భై రెండు ఉత్తరాలు. డెబ్భై రెండుసార్లు పిలిచి, ఏమీ చెప్పకుండా ఊరుకుంది.

"ఇవి ఇంతేనా?" అని పోస్టుమాన్‌ని అడుగుతాను.

"ఆ అమ్మాయి అక్కడికెళ్తే గదండీ, ఏదో ఒకటి జరిగేది. జరిగితే గదండీ రాసేది," అని ఆయన సైకిలెక్కుతాడు.

నీరజ ఒక ఉత్తరం తీసుకుని, ఆ తెల్లటి భాగం మీద వేలితో రాస్తూ కూర్చుంటుంది. నోట్లో ముద్దని ఒక బుగ్గకి నెట్టుకుని, తల ఎత్తకుండా అంటుంది.

"అమ్మా, నాకు వెళ్ళాలని ఉంది."

నేను ఉత్తరాలు మళ్ళీ కట్ట కడతాను.

"ఫారం నింపిన రోజు నించీ ఉంది. నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదు. నాన్నకి కూడా చెప్పలేదు."

మా ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయి అటే చూస్తున్నారు. నాకు సిగ్గేస్తుంది. పిల్ల నన్ను వదిలి వెళ్ళనని ఏడుస్తుందనుకుని, దాని ఏడుపు కూడా నేనే వారం రోజులుగా ఏడుస్తున్నాను. దానికి వెళ్ళాలని ఉందట. దాని మొహంలో ఆ వెలుగు చూస్తున్నాను. పెంకుల ఫ్యాక్టరీలో వాళ్ళ నాన్న మొహంలో చూసిందే.

జడ చేతిలోంచి వదిలేసి లేస్తాను. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి.

పాకలో భవానమ్మ మంట ఆరకుండా కాపలా కాస్తోంది. కుండ మీద మా మధ్యాహ్నం అట్టలా బిగిసి ఉంది.

"ఊడదీస్తాను," అంటాను.

"ఏసిన చెయ్యే తియ్యాలండి. గోరు తగలకూడదు. అరిచేత్తోటే. కాలుద్దండి, ముందే చెబుతున్నాను."

కాలుతుంది. అరచెయ్యి కుండకి ఆనించి, అంచు దగ్గర నించి మెల్లగా నెడతాను. మొదట కదలదు. నీరజ పుట్టినప్పుడు పట్టినంతసేపు పడుతుంది, అంత నొప్పీ పెడుతుంది. అప్పుడు అరిచాను, ఇప్పుడు అరవను, తుమ్మే వాళ్ళనే ఒప్పుకోని చోట అరవకూడదు కదా. చివరికి పొర మొత్తం ఒక్క ముక్కగా నా చేతిలోకి వస్తుంది. అరచేతిలో గీతలన్నీ దాని మీదికి వెళ్ళిపోయాయి. నా చెయ్యి నున్నగా ఉంది.

వెంటనే భవానమ్మ ఖాళీ కుండ మీద అవతలి గట్టు పెద్దాయన వాళ్ళది పరిచి లాగుతుంది. చుయ్ అంటుంది. దాన్ని ఊడదీయగానే ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. పెద్దాయన తువ్వాలు విప్పి గాలిలో ఊపుతున్నాడు.

"మరి మాది ఇంకా జరగడం లేదేం?" అంటున్నారు నీరజతో పాకలోకి వచ్చిన మా ఆయన. ఆయన వాచీలో ఇంకా పన్నెండుం పావే.

"రెండు పూతలది దానంతటది జరగదండి. లోపల పచ్చిగా ఉండిపోద్ది. ఎవరో ఒకళ్ళు తినాలి. తిన్నకొద్దీ సాయంత్రం అవుద్ది."

భవానమ్మ పొర లోపల నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, ఇటూ అటూ మడతపెడుతుంది. మా మధ్యాహ్నం చివరికి జానెడు పొట్లం అవుతుంది. పట్టుకుంటే వెచ్చగా ఉంది. దాన్ని కాగితంలో చుట్టి నీరజ చేతిలో పెడతాను.

లాకుల దగ్గర బస్సు ఆగి ఉంది. డ్రైవరు స్టీరింగు మీద తలపెట్టి, ఆరు ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు. పెట్టె మాకంటే ముందే పరిగెత్తి, వెనక నిచ్చెన పట్టుకుని టాపు మీదికి ఎక్కేసింది. నీరజ వాళ్ళ నాన్న కాళ్ళకి దణ్ణం పెడుతుంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి, నోట్‌బుక్కు దాని చేతికిచ్చి, "అక్కడ దగ్గర్లో ఏమేం తయారవుతాయో చూసి రాయి" అంటారు. నీరజ నన్ను కావలించుకుంటుంది. నా కంటే రెండంగుళాలు ఎత్తు అయింది, ఎప్పుడయిందో చూసుకోలేదు. కిటికీ పక్కన కూర్చుని పొట్లం విప్పుతుంది.

ఒక మూల కొరుకుతుంది. గుటక పడుతుంది. ఇందాకటి ముద్ద కూడా దానితోపాటు దిగుతుంది.

లాకుల వెనక, ఆకాశంలో ఒక మూల వెలుతురు లేదు. ఆ అంచున పళ్ళగాట్లు వరసగా ఉన్నాయి. గాట్ల అవతల నీలంగా, చల్లగా సాయంత్రం ఉంది. డ్రైవరు లేచి కూర్చుని బండి స్టార్టు చేస్తాడు.

నీరజ ఇంకో ముక్క కొరుకుతుంది. కాలవ అవతలి కొబ్బరితోట వెళ్ళిపోతుంది. ఇంకో ముక్క. ఆగిపోయిన పడవ కదిలి చీకట్లోకి జారుకుంటుంది, కప్ప నీళ్ళలో పడిన చప్పుడు వినిపిస్తుంది. బస్సు బయల్దేరింది. దానితోపాటు నడుస్తూ చూస్తున్నాను. పొట్లం సగం మిగిలింది. నీరజ తినడం ఆపింది. మిగిలిన సగాన్ని మళ్ళీ కాగితంలో చుట్టబోతోంది. ఆ సగంలో గట్టు ఉంది, గట్టు మీద వాళ్ళ నాన్న ఉన్నారు, నేను ఉన్నాను. మమ్మల్ని దాచుకుందామని దాని ఆలోచన.

"తినెయ్యవే!" అని అరుస్తాను. "దాచకు, పచ్చిది, పాడైపోతుంది!"

"మీరున్నారమ్మా ఇందులో!"

"ఉంటే ఉన్నాం. ఆకలితో వెళతావా? తినూ!"

నీరజ కళ్ళు తుడుచుకుని కొరుకుతుంది. పక్కన వాళ్ళ నాన్న నిలబడ్డ చోట సాయంత్రం అవుతుంది. ఆయన ఆ నీలంలోంచి చెయ్యి ఊపుతున్నారు, ఆనందంగానే ఉన్నట్టున్నారు. ఇప్పుడు ఎండ నా ఒక్కదాని చుట్టూ, పీట వేసేంత మేర ఉంది. కాళ్ళ కింద నెయ్యి మెత్తగా జారుతోంది, పంచదార పాదాలకి అంటుకుంటోంది. నా తల పైన మా అమ్మాయి పై వరస పళ్ళు వస్తున్నాయి, తెల్లగా, పెద్దగా, ఒక్కటి కొంచెం వంకరగా. నేను దాని నోట్లో ఒక్కసారిలోనే పట్టేలా మోచేతులు దగ్గరికి తీసుకుని, భుజాలు ముడుచుకుని, నిలబడుతున్నాను.